చేపల నిల్వ అంచనా, 4వ పాఠం: ఆ సున్నాలు ఎక్కడికి పోయాయి?

ఈసారి చేపల పొడవు కొలతల్లోకి వెళ్దామనుకున్నాను. మీ జవాబులు చూశాక దాన్ని వాయిదా వేశాను. పోయిన పాఠంలో పదిసార్లు ట్రాల్ వల (ఓడ వెనక కట్టి నీళ్లలో ఈడ్చే వల) లాగిన లెక్క ఇచ్చి, లాగుడుకు సగటు పట్టు, అంటే పడిన చేప బరువు, ఎంతో కట్టమన్నాను. సగం మందికి పైగా 20 కిలోలు అని పంపారు. జవాబు 12.

అంకెలు మళ్లీ ఇస్తున్నాను, కిలోల్లో: 12, 0, 45, 8, 0, 0, 30, 5, 0, 20. మొత్తం 120. పదితో భాగిస్తే 12. మీరు నాలుగు సున్నాల్నీ పక్కన పెట్టి ఆరుతో భాగించారు. ఒకరైతే "చేపే పడనప్పుడు దాన్ని లెక్కలోకి ఎలా తీసుకుంటాం?" అని అడిగారు కూడా.

తీసుకోవాలి. ఆ పది చోట్లనీ చేపల కోసం వెతికి పట్టుకోలేదు, మ్యాపు మీద చీట్లు వేసి ఎంచుకున్నాం. అందులో నాలుగు చోట్ల ఏమీ లేదంటే, ఆ షెల్ఫ్‌లో (తీరాన్ని ఆనుకుని లోతు తక్కువున్న సముద్రంలో) దాదాపు ఐదింట రెండు వంతుల మేర మన చేప కనబడటం లేదన్నమాట. సున్నా తీసేస్తే మీరు అడుగుతున్న ప్రశ్నే మారిపోతుంది. "ఈ నీళ్లలో చేప ఎంత ఉంది?" పోయి, "చేప ఉన్న చోట ఎంత ఉంది?" అవుతుంది.

దీన్ని టన్నుల్లోకి మారుద్దాం, నొప్పి అప్పుడు తెలుస్తుంది. వల మూతి పైతాడు 30 మీటర్లు. లాగేటప్పుడు అది పూర్తిగా తెరుచుకోదు, సగం లెక్కన 15 మీటర్లు. వేగం 3 నాట్లు, సమయం అరగంట. నాట్ అంటే గంటకు 1,852 మీటర్లు. దీన్ని కిలోమీటరు అనుకున్నవాళ్లూ ఉన్నారు, వాళ్లకి చేపలు దాదాపు రెట్టింపయ్యాయి. నా అడ్డదారి ఏమిటంటే, ఒక నాట్ సెకనుకు అర మీటరు కంటే కాస్త ఎక్కువ. ఓడ మీద నోటిలెక్కకి అది చాలు. కాగితం మీద మాత్రం 2,778 మీటర్లు వేయండి. దాన్ని 15తో గుణిస్తే వల ఊడ్చిన మేర 41,670 చదరపు మీటర్లు, అంటే 0.04167 చదరపు కిలోమీటర్లు.

పన్నెండుని దానితో భాగిస్తే చదరపు కిలోమీటరుకు 288 కిలోలు. మన ఊహా షెల్ఫ్ 5,000 చదరపు కిలోమీటర్లు కాబట్టి 1,440 టన్నులు. మీ ఇరవైతో అయితే 2,400. అంటే 960 టన్నుల చేప సముద్రంలో లేదు, మీ కాగితం మీదే ఉంది.

ఇంకా నయం, ఇది ఒక్క ఏడాది లెక్క. మరుసటి ఏడాది అదే సర్వేలో 0, 20, 0, 0, 25, 0, 0, 15, 0, 0 వచ్చాయనుకోండి. మొత్తం 60, సగటు 6. నిల్వ, అంటే నీళ్లలో ఉన్న మొత్తం చేప, సగానికి పడిపోయింది. సున్నాలు తీసేసి చూడండి: 60ని మూడుతో భాగిస్తే మళ్లీ 20! చేప తగ్గే కొద్దీ చాలా జాతులు మిగిలిన మంచి చోట్లకే చేరతాయి. చుట్టూ ఖాళీ పెరుగుతుంది, గుంపు మాత్రం చిక్కగానే ఉంటుంది. ఆ ఖాళీని చూపించేవి సున్నాలే. మీరు వాటినే చెత్తబుట్టలో వేశారు.

వేట పడవల పట్టును నేరుగా నిల్వకి కొలతగా వాడొద్దని రెండో పాఠంలో అన్నది ఇందుకే. చేప లేని చోటికి ఏ పడవా పనిగట్టుకుని పోదు. వాళ్ల లెక్కలో సున్నాలు ముందే పోయి ఉంటాయి. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో కాడ్ చేప విషయంలో జరిగింది చాలావరకు ఇదే. 1968లో 8 లక్షల టన్నులకు పైగా పట్టారు. 1980ల్లో పెద్ద ట్రాలర్ల పట్టుబడి రేట్లు బాగానే కనిపిస్తుంటే, పరిశోధన ఓడల సర్వేలు అంతకంటే తక్కువ చూపించాయి. నిల్వను ఉన్నదానికంటే ఎక్కువగా అంచనా వేశారు. 1992 జులై 2న కెనడా ఆ వేటను ఆపేసింది. రెండేళ్లకని చెప్పిన నిషేధం దశాబ్దాలు సాగింది.

ఇక సున్నాకీ ఖాళీ గడికీ తేడా. నా మొదటి సర్వేలో ఒక లాగుడుకు వల విప్పితే డెక్ మీద గుప్పెడు బురద, రెండు నక్షత్ర చేపలు, ఒక పగిలిన గవ్వ పడ్డాయి. "రాయడానికేముంది?" అనుకుని గడిలో గీత పెట్టాను. ఆ తర్వాతి లాగుడులో వల రాయికి తగిలి చిరిగింది. అక్కడా గీతే పెట్టాను. ఒడ్డుకొచ్చాక ఏ గీత దేనిదో నాకే తెలియలేదు. మొదటిది సున్నా, లెక్కలో ఉండాలి. రెండోది చెల్లని లాగుడు, పూర్తిగా తీసేయాలి. అప్పట్నుంచి సున్నాని సున్నాగానే, పెద్దగా రాస్తున్నాను.

వల దారిలోని చేపలన్నీ వలలో పడవు. సగమే పడతాయనుకుంటే 1,440 కాస్తా 2,880 అవుతుంది. నేనైతే అన్నీ పడ్డాయనే లెక్కేసి, ఏడాదికీ ఏడాదికీ పోలికే చూస్తాను. అదే వల, అదే వేగం, అదే నెల ఉండాలి.

అభ్యాసం. మొదటి ఏడాది అంకెల్నే లోతు ప్రకారం విడదీస్తే ఇలా ఉన్నాయి. 50 మీటర్ల లోపు, 1,000 చదరపు కిలోమీటర్లలో: 45, 30, 20, 12. అంతకంటే లోతున, 4,000 చదరపు కిలోమీటర్లలో: 8, 5, 0, 0, 0, 0. రెండు సగటుల్నీ విడిగా కట్టి, విస్తీర్ణం ప్రకారం కలపండి. 850 టన్నుల దగ్గరికి రావాలి. 1,440 ఎందుకు తప్పయిందో ఒక్క వాక్యంలో రాయండి.

తర్వాత ఈ పది అంకెల్నీ పది చీట్ల మీద రాసి, లోతు ప్రకారం రెండు గుట్టలు పెట్టండి. మొదటి గుట్టలోంచి నాలుగుసార్లు, రెండోదాంట్లోంచి ఆరుసార్లు, తీసిన చీటీ మళ్లీ వెనక్కి వేస్తూ తీసి టన్నులు కట్టండి. ఇలా వందసార్లు. అవును, వందే, ఒక ఆదివారం పోతుంది. వచ్చిన వంద అంకెల్నీ వరుసలో పెట్టి కింద అయిదు, పైన అయిదు కొట్టేస్తే మీ అంచనా ఎంత వదులుగా ఉందో కనిపిస్తుంది. లోతు గుట్టలోంచి వందలో సుమారు తొమ్మిదిసార్లు ఆరూ సున్నాలే వస్తాయి. కంగారుపడి మళ్లీ తీయకండి, అలాగే రాసుకోండి.