క్యాస్ట్ ఎక్కడ పెట్టాలి?

ఆటోనగర్‌లో ఓ పంపు కంట్రోలర్ బోర్డుకి సీ భాషలో కోడ్ రాస్తూ రెండు రోజులు తల పట్టుకున్నాను. మీకా తిప్పలు వద్దు. కన్వర్షన్ (టైపు మార్పు) వార్నింగ్ వచ్చింది కదా అని మొత్తం లైనుకి బయట క్యాస్ట్ (విలువ టైపును మనమే మార్చడం) తగిలించి కంపైలర్ నోరు మూయించకండి.

8 బిట్ల అన్‌సైన్డ్ వేరియబుల్‌లో 15 ఉంది. టిల్డా (~) గుర్తుతో బిట్లు తిరగేసి, 4 స్థానాలు కుడికి జరిపితే మళ్లీ 15 రావాలి కదా? నాకు 255 వచ్చింది! టిల్డా పడకముందే సీ దాన్ని ఇంట్‌గా (8 బిట్ల కంటే పెద్ద పూర్ణాంకంగా) పెంచేస్తుంది. పైన చేరిన ఒకట్లు షిఫ్ట్‌తో కిందికి దిగిపోతాయి. బయటి క్యాస్ట్‌తో వార్నింగ్ పోతుంది, 255 అలాగే ఉంటుంది.

టిల్డా అయిన వెంటనే, షిఫ్ట్‌కి ముందే క్యాస్ట్ చేయండి. సీ కోడ్ సురక్షితంగా రాయడానికి పెట్టిన నియమాల పుస్తకం మిస్రా సీ 2004లో 10.5 రూల్ అడిగింది ఇదే. అన్నట్టు, జీసీసీ కంపైలర్‌లో కన్వర్షన్ వార్నింగ్‌ని విడిగా ఆన్ చేసుకోవాలి, 'వాల్' (-Wall) ఆప్షన్ పెడితే రాదు.