బల్లపై తీగల రంధ్రం: సన్‌మైకా పెచ్చులు లేవకుండా

బెంగళూరులో ఇంటి నుంచే పని చేసేవారి బల్లలపై ఛార్జర్ల తీగలు అంచు మీదుగా వేలాడుతూ ఉంటాయి. రంధ్రం చేద్దామంటే సన్‌మైకా పెచ్చులుగా లేచిపోతుందన్న భయం. మా బల్లకు నేను అనుసరించిన పద్ధతి ఇది.

ముందుగా తీగల రంధ్రంలో అమర్చే ప్లాస్టిక్ గ్రామెట్ (అంచు గల చిన్న గొట్టం) కొని, దాని పై అంచును కాకుండా లోపలికి దిగే గొట్టం బయటి వ్యాసాన్ని కొలిచి, అదే కొలత గల హోల్ సా (డ్రిల్లుకు బిగించి గుండ్రటి రంధ్రం కోసే రంపం) తెచ్చుకోవాలి; మాది 60 మిల్లీమీటర్లు. ఎస్.పి. రోడ్డులోని హార్డ్‌వేర్ దుకాణాలలో ఇవి విడిగా దొరుకుతాయి. బల్ల కింద సొరుగు పట్టాలు, ఇనుప చట్రం అడ్డు రాని చోట గుర్తు పెట్టి, పైనా కిందా మాస్కింగ్ టేపు అంటించాలి. డ్రిల్లును హ్యామర్ మోడ్‌లో (తిరుగుతూనే సుత్తిలా కొట్టే అమరికలో) పెట్టకుండా, తక్కువ వేగంతో పై నుంచి కోస్తూ, మధ్యలోని సన్న బిట్టు కొన అడుగున కనిపించగానే ఆపివేసి, మిగిలిన భాగాన్ని ఆ చిన్న రంధ్రం ఆధారంగా కింది నుంచి కోయాలి. పెచ్చులు లేవకపోవడానికి అసలు కారణం ఈ రెండు వైపుల కోతే. చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు నీరు తగిలితే ఉబ్బుతుంది కనుక, కోసిన అంచుకు ఫెవికాల్ పూసి ఆరనివ్వడం మరువకూడదు. కోసేటప్పుడు కళ్లకు రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి.

వంటగది గ్రానైట్ గట్టుకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. దానికి నీరు పోస్తూ కోసే డైమండ్ కోర్ బిట్టు కావాలి, ఆ పనిని రాతి పనివారికే అప్పగించండి.