రెండేళ్ల గ్రీన్ కార్డు ఉండగా ఇల్లు మారుతున్నారా? అడ్రసు విషయంలో జాగ్రత్తలు

శాశ్వత నివాస హోదా దక్కిన రోజుకి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే అమెరికా రెండేళ్ల గ్రీన్ కార్డే ఇస్తుంది. దాని మీదున్న షరతులు తీసేయమని, కార్డు గడువుకు ముందు వచ్చే 90 రోజుల్లో భార్యాభర్తలిద్దరూ సంతకాలు చేసి ఐ-751 దరఖాస్తు పంపాలి. ఫీజు కట్టి పంపాక నిర్ణయం రావడానికి ఏడాది దాటడం మామూలే, రెండేళ్లు దాటిన కేసులూ ఉన్నాయి. అంతకాలం ఒకే అద్దె ఇంట్లో ఉండేవాళ్లు తక్కువ. లీజు అయిపోతుంది, ఉద్యోగం ఇంకో రాష్ట్రానికి మారుతుంది, సొంత ఇల్లు కొంటారు. పెళ్లి నిజమైనదే అయినా, కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా, పాత ఇంటికి వెళ్లిన ఒక్క ఉత్తరం వల్ల కేసు చిక్కుల్లో పడుతుంది.

అడ్రసు మార్చడంలో రెండు పనులున్నాయి. చాలామంది ఒకటి చేసి రెండూ అయిపోయాయనుకుంటారు.

మొదటిది చట్టం అడిగేది. పౌరులు కానివాళ్లు ఇల్లు మారిన 10 రోజుల్లోగా ఏఆర్-11 అనే అడ్రసు మార్పు ఫారం ద్వారా అమెరికా ఇమిగ్రేషన్ సంస్థ యూఎస్‌సీఐఎస్‌కి తెలపాలి. ఈ 10 రోజుల్లో శని, ఆదివారాలు కూడా లెక్కే. తెలపకపోవడం నేరమే. చట్టంలో జరిమానా, 30 రోజుల వరకు జైలు రాసి ఉన్నాయి. రెండోది, నడుస్తున్న కేసు ఫైలులో అడ్రసు మార్పించడం. కాగితం ఏఆర్-11 పోస్టులో పంపితే మొదటి పని మాత్రమే అవుతుంది, ఐ-751 ఫైలులో పాత అడ్రసే మిగిలిపోతుంది. యూఎస్‌సీఐఎస్ ఆన్‌లైన్ ఖాతాలో అడ్రసు మార్పు పేజీ నుంచి చేస్తే రెండూ ఒకేసారి అవుతాయి. అయితే అక్కడ ఐ-751 రశీదు నంబరు ఇవ్వాలి. మూడు అక్షరాలు, పది అంకెలు, మధ్యలో గీతలేమీ లేకుండా. పౌరసత్వానికి ఎన్-400 కూడా వేసి ఉంటే ఆ నంబరు కూడా చేర్చాలి. చివర్లో వచ్చే నిర్ధారణ పేజీని పీడీఎఫ్‌గా దాచుకోండి. 10 రోజుల్లోపే చెప్పామనడానికి మీ దగ్గర ఉండే రుజువు అదొక్కటే.

దీనికి ప్రభుత్వం ఒక్క డాలరు కూడా తీసుకోదు. వెతికితే ముందు కనబడే కొన్ని సైట్లు డబ్బు అడుగుతాయి. చిరునామా చివర డాట్ గవ్ లేకపోతే బయటికి వచ్చేయండి. గ్రీన్ కార్డు మీద ఇంటి అడ్రసు ఉండదు కాబట్టి, ఇల్లు మారినందుకు ఐ-90 వేసి కొత్త కార్డు తీసుకోవాల్సిన పని కూడా లేదు.

పోస్టాఫీసులో ఫార్వర్డింగ్ పెట్టి వదిలేయడం అన్నిటికన్నా ప్రమాదం. యూఎస్‌సీఐఎస్ ఉత్తరాలను పోస్టాఫీసు కొత్త ఇంటికి పంపకుండా వెనక్కి తిప్పేయవచ్చు. అలా తిరిగి వెళ్లిన గ్రీన్ కార్డు గురించి 60 పనిదినాల్లో ఎవరూ అడగకపోతే దాన్ని నాశనం చేస్తారు. ఫార్వర్డింగ్ పెట్టండి, కానీ దాన్ని అదనపు కాపలాగానే చూడండి. దాంతోపాటు అమెరికా తపాలా సంస్థ యూఎస్‌పీఎస్ వాళ్ల ఉచిత ఇన్‌ఫార్మ్‌డ్ డెలివరీలో నమోదైతే మీ పేరున రాబోయే కవర్ల ఫొటోలు ముందే కనబడతాయి.

ఐ-751 పంపాక వచ్చే ప్రతి ఉత్తరం ముఖ్యమైనదే. మొదట వచ్చే రశీదు నోటీసు కార్డు గడువును 48 నెలలు పొడిగిస్తుంది. గడువు తీరిన కార్డు పక్కన ఆ కాగితం పెట్టుకునే ఉద్యోగమైనా, ఇండియా ప్రయాణమైనా. తర్వాత వేలిముద్రల నోటీసు. పిలిచిన రోజు వెళ్లకపోతే, తేదీ మార్చమని ముందుగా అడగకపోతే, దరఖాస్తు వదిలేసినట్టు లెక్కగట్టి తిరస్కరించవచ్చు. మరిన్ని రుజువులు కావాలనే ఆర్‌ఎఫ్‌ఈకి గరిష్ఠంగా 84 రోజుల గడువు ఉంటుంది. అది ఉత్తరం మీ చేతికి అందిన రోజు నుంచి లెక్క కాదు. ఇంటర్వ్యూ తప్పితే హోదాకే ముప్పు, ఆపైన ఇమిగ్రేషన్ కోర్టు.

ఐ-751 పోస్టు చేశాక, రశీదు నంబరు రాకముందు ఇల్లు మారేవాళ్లకి ఇబ్బంది ఎక్కువ. నంబరు లేనిదే ఫైలులో అడ్రసు మారదు, నంబరున్న కాగితమేమో పాత ఇంటికి వెళ్తుంది. అందుకని దరఖాస్తు పైన జీ-1145 ఫారం పెట్టి పంపండి. రశీదు నంబరు ఫోనుకి మెసేజ్‌గానో ఈమెయిల్‌గానో వస్తుంది. ఇల్లు మారిన వెంటనే నంబరు లేకుండా ఒకసారి ఏఆర్-11, నంబరు రాగానే దానితో ఇంకోసారి. మారే తేదీ ముందే తెలిస్తే ఇంకా తేలికైన దారి ఉంది. నివాస అడ్రసు దగ్గర మీరు నిజంగా ఉంటున్న ఇల్లే రాసి, ఉత్తరాల అడ్రసుగా స్థిరంగా ఉండే అన్నయ్యదో పిన్నిదో ఇల్లు ఇవ్వండి. ఇన్ కేర్ ఆఫ్ గడిలో ఆ ఇంటివాళ్ల పేరు రాయడం మరవద్దు.

పేరు సంగతి మన తెలుగువాళ్లకి ప్రత్యేకం. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, మెయిల్‌బాక్సు మీద పిలుపు పేరు ఒక్కటే ఉంటుంది, లేదా భర్త ఇంటిపేరు మాత్రమే ఉంటుంది. పోల్చుకోలేని పోస్టుమాన్ కవరు వెనక్కి పంపేస్తాడు. కార్డు మీద ఎలా ఉందో అలాగే పేరు రాసి బాక్సు లోపల అంటించండి. అపార్ట్‌మెంటు నంబరు దానికి కేటాయించిన గడిలోనే నింపండి. యూఎస్‌పీఎస్ జిప్ కోడ్ పేజీలో అడ్రసు ఎలా చూపిస్తుందో అచ్చం అలాగే వాడండి. ఇండియాకి వెళ్లేటప్పుడు పోస్టాఫీసు మెయిల్ 30 రోజులే ఆపి ఉంచుతుంది. అంతకన్నా ఎక్కువ ఉంటే బాక్సు తెరిచి కవర్లు ఫొటో తీసి పంపే మనిషిని చూసుకోండి.

పిల్లలకి షరతుల కార్డు ఉంటే వాళ్ల ఏఆర్-11లు విడిగా చేయాలి. అమెరికా పౌరుడైన భర్తకో పౌరురాలైన భార్యకో ఏఆర్-11 అక్కర్లేదు. కానీ ఐ-864 అనే ఆర్థిక హామీ పత్రం మీద సంతకం చేసి ఉంటే, ఇల్లు మారిన 30 రోజుల్లో అడ్రసు మార్పు తెలిపే ఐ-865 వేయాల్సింది వాళ్లే. దీన్ని గుర్తుపెట్టుకునేవాళ్లు చాలా తక్కువ. లాయరు ఉంటే ఆయనకీ చెప్పండి. ఆయనకి చెప్పినంత మాత్రాన ప్రభుత్వ ఫైలులో అడ్రసు మారదు.

ఇంకో విషయం, ఇది రుజువులకి సంబంధించింది. గ్రీన్ కార్డు వచ్చినప్పటి నుంచి ఉన్న అడ్రసులన్నీ తేదీలతో సహా ఐ-751 అడుగుతుంది. ఆ జాబితా, లీజులు, పన్ను రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, డ్రైవింగ్ లైసెన్సు ఒకదాంతో ఒకటి పొసగాలి. లైసెన్సులో అడ్రసు మార్పు తెలిపే గడువు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాలిఫోర్నియాలో 10 రోజులు, టెక్సస్‌లో 30. భర్త లైసెన్సు మీద ఒక ఇల్లు, భార్య లైసెన్సు మీద ఇంకో ఇల్లు ఉంటే, వేరువేరుగా ఉంటున్నారా అనే ప్రశ్న పుడుతుంది. ఉద్యోగాల వల్ల నిజంగానే డాలస్‌లో ఒకరు, న్యూజెర్సీలో ఒకరు ఉంటుంటే దాచకండి. ఇద్దరి అడ్రసులూ ఉన్నవి ఉన్నట్టే రాసి, కారణం చెప్పే లేఖ, ఆఫర్ లెటర్, రాకపోకల టికెట్లు, ఉమ్మడి ఖాతాల కాగితాలు జతచేయండి. ఒకే ఇంట్లో ఉన్నట్టు రాసి ఇంటర్వ్యూలో తడబడితే మాత్రం సరిదిద్దుకోవడం చాలా కష్టం.

గృహహింస వల్ల ఒంటరిగా ఐ-751 వేసినవాళ్లు ఆన్‌లైన్‌లో ఏదైనా మార్చేముందు లాయరుతో మాట్లాడాలి. ఖాతా పాస్‌వర్డు, దానికి ముడిపడ్డ ఈమెయిల్, ఫోను అవతలి వ్యక్తి చేతిలో ఉంటే ముందు అవి మార్చుకోవాలి. ఇన్‌ఫార్మ్‌డ్ డెలివరీ ఖాతాదీ అదే సంగతి.

ఇమిగ్రేషన్ కోర్టులో కేసు మొదలైపోయి ఉంటే యూఎస్‌సీఐఎస్‌కి చెప్పింది కోర్టుకి చేరదు. కోర్టుకి అడ్రసు మార్పు తెలిపే ఈఓఐఆర్-33 ఫారం విడిగా 5 రోజుల్లోగా వేయాలి.

ఉత్తరం పోయిందనిపిస్తే ఎదురుచూస్తూ కూర్చోవద్దు. కేసు స్టేటస్ చూసి, నోటీసు పంపినట్టుండి మీకు అందకపోతే యూఎస్‌సీఐఎస్ సైటులో నోటీసు అందలేదనే ఈ-రిక్వెస్టు పెట్టండి, లేదా 800-375-5283కి ఫోన్ చేయండి. పొడిగింపు కాగితం పోయి ప్రయాణం దగ్గరపడితే అదే నంబరులో అపాయింట్‌మెంటు అడిగి పాస్‌పోర్టులో హోదాకి రుజువుగా పనికొచ్చే ఐ-551 ముద్ర వేయించుకోవచ్చు. కొత్త కార్డు తయారవుతోందని స్టేటస్ మారాక ఇల్లు మారినవాళ్లు ఆన్‌లైన్ మార్పుతో ఆగకుండా ఆ రోజే ఫోన్ చేయాలి. కార్డు పాత ఇంటికే బయల్దేరితే ట్రాకింగ్ నంబరు తీసుకుని ఆ ఇంటి పోస్టాఫీసుకి గుర్తింపు కార్డుతో వెళ్లి అడగండి.