తలసీమియా వార్డులో తల్లిదండ్రుల సలహా కమిటీ పెట్టుకోవడం ఎలా?

మా అమ్మాయికి తలసీమియా మేజర్, అంటే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని, పుట్టుకతో వచ్చే జబ్బు. మూడు వారాలకోసారి మా జిల్లా ప్రభుత్వాసుపత్రి డే కేర్ వార్డులో రక్తం ఎక్కిస్తారు. అక్కడే కొందరు తల్లిదండ్రులం కలిసి ఒక సలహా కమిటీ నడుపుతున్నాం. పక్క జిల్లాల అమ్మలు "మేమూ పెట్టుకోవాలంటే ఏం చేయాలక్కా?" అని అడుగుతుంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. హీమోఫీలియా, మూర్ఛ, టైప్ 1 డయాబెటిస్ లాంటి వాటికి పిల్లలను పదేపదే తీసుకెళ్లాల్సిన ఏ క్లినిక్‌లోనైనా ఇలాగే చేయొచ్చు.

కమిటీ దేనికోసమో ముందే తేల్చుకోండి. వార్డు ఎలా నడిస్తే పిల్లలకు తేలికగా ఉంటుందో, అక్కడ గంటలు గంటలు కూర్చునే మనం డాక్టర్లకు, సిస్టర్లకు చెప్పాలి. మన పని అంతే. రక్తదాన శిబిరాలు కూడా చాలా అవసరం. కాలేజీలకు సెలవులిచ్చే ఎండాకాలంలో రక్తం కోసం మనం పడే టెన్షన్ అందరికీ తెలిసిందే. కానీ ఆ పని వేరే జట్టుకు అప్పగించండి. రెండూ కలిపితే ప్రతి మీటింగూ దాతల ఫోన్ నంబర్లతోనే అయిపోతుంది. ఇక డబ్బు మాత్రం ఒక్క రూపాయి కూడా వసూలు చేయొద్దు. డబ్బు చేతులు మారితే అనుమానాలు మొదలవుతాయి.

మొదట వార్డు ఇన్‌చార్జి సిస్టర్‌తో మాట్లాడండి. మీరు అడగబోయే వాటిలో సగం ఆవిడ చేతిలోనే ఉంటాయి. ఆవిడకు తెలియకుండా నేరుగా సూపరింటెండెంట్ గారి దగ్గరికి వెళ్తే, మనం ఫిర్యాదు చేయడానికి వెళ్లామనుకుంటారు. ఆవిడ సరే అన్నాక పిల్లల డాక్టర్‌కు చెప్పి, తర్వాత సూపరింటెండెంట్ గారికి అర్జీ పెట్టండి. నాలుగు వాక్యాలు చాలు: "మేము డే కేర్ వార్డులో రక్తం ఎక్కించుకునే పిల్లల తల్లిదండ్రులం. నెలకోసారి వార్డులోనే అరగంట కూర్చుని, వార్డు పనితీరుపై మా సలహాలు డాక్టర్ గారికి, సిస్టర్ గారికి చెప్పాలనుకుంటున్నాం. ఏ ఒక్క పాప లేదా బాబు చికిత్స గురించీ ఇందులో చర్చించం. దయచేసి అనుమతి ఇవ్వగలరు." రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదానిపై ఆఫీసు ముద్ర వేయించుకోండి.

కమిటీలో ఆరుగురో ఎనిమిది మందో ఉంటే బాగుంటుంది. బాగా మాట్లాడేవాళ్లు ఎలాగూ ముందుకొస్తారు. మిగతావాళ్లను వెతికి పట్టుకోవాలి. అందరికంటే దూరం నుంచి వచ్చే కుటుంబం, చదువురాని ఒక అమ్మ, మనవడిని తీసుకొచ్చే నాయనమ్మ, ఈ మధ్యే జబ్బు బయటపడిన ఇల్లు, వీళ్లు తప్పకుండా ఉండాలి. పాతవాళ్లం ఇబ్బందులకు అలవాటుపడిపోయి ఉంటాం. కొత్తవాళ్లకే అవి కనబడతాయి. నాన్నలను కూడా పట్టుబట్టి కూర్చోబెట్టండి. తల్లీ తండ్రీ ఇద్దరిలో ఆ జబ్బు జన్యువు ఉంటేనే బిడ్డకు తలసీమియా మేజర్ వస్తుంది. అయినా ఇంట్లో మాటలు పడేది కోడలే. డాక్టర్ ఆ విషయం అందరి ముందూ చెబుతున్నప్పుడు పక్కన భర్త కూడా వింటే ఆమెకు ఎంతో ధైర్యం.

మీటింగ్ కోసం వేరే రోజు పెట్టకండి. కూలి మానుకుని, ఛార్జీలు పెట్టుకుని ఇంకోసారి ఎవరు వస్తారు? పిల్లలకు రక్తం ఎక్కుతున్నప్పుడే, మంచాల పక్కనే కుర్చీలు వేసుకోండి. అయితే బ్యాగ్ పెట్టిన మొదటి పావుగంట మాత్రం వద్దు. చలి, దద్దుర్లు లాంటి రియాక్షన్ వస్తుందేమోనని సిస్టర్ కళ్లన్నీ అప్పుడు పిల్లల మీదే ఉండాలి, మనవీ అక్కడే ఉండాలి.

మొదటి మీటింగ్‌లో పెద్ద కోరికలు పెట్టొద్దు. పైసా ఖర్చు లేకుండా, పై నుంచి ఆర్డర్ రాకుండా వార్డులోనే మార్చగలిగేది ఒకటి పట్టుకోండి. మా దగ్గర అది బస్సు సంగతి. ముందొచ్చినవాళ్ల శాంపిల్ ముందు పంపేవారు. తండాల నుంచి వచ్చేవాళ్లు తొలి బస్సు ఎక్కినా పదింటికి గానీ చేరరు. శాంపిల్ వెళ్లి, క్రాస్ మ్యాచ్ (దాత రక్తం బిడ్డకు సరిపోతుందో లేదో చూసే పరీక్ష) అయ్యి, రక్తం వచ్చేసరికి మధ్యాహ్నం దాటేది. ఆ తర్వాత బ్యాగ్ ఎక్కడానికి మూడు, నాలుగు గంటలు. తొందరగా ఎక్కిస్తే గుండె మీద భారం పడుతుంది కాబట్టి అక్కడ తగ్గించేదేమీ లేదు. చివరి బస్సు వెళ్లిపోయాక పిల్లలతో వరండాలోనే పడుకునేవాళ్లు. మీటింగ్‌లో ఒక నాయనమ్మ అడిగింది: "మాకు బస్సు ఐదున్నరకే బిడ్డా. మా శాంపిల్ ముందు పంపితే ఏం పోతది?" ఇప్పుడు ఓపీ చీటీ మీద చివరి బస్సు టైం రాస్తారు. ఆ వరుసలోనే శాంపిళ్లు వెళ్తాయి. పొద్దున్నే వచ్చే టౌన్ వాళ్లలో కొందరు గొణిగారు. వాళ్లతో వాదించకుండా, ఆ నాయనమ్మనే వాళ్ల పక్కన కూర్చోబెట్టి మాట్లాడించాం.

ప్రతి మీటింగ్ మాటలూ ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఏం అడిగాం, ఎవరు చేస్తామన్నారు, ఎప్పటికి చేస్తారు, ఈ మూడూ ఉంటే సరిపోతుంది. వచ్చే నెల ముందుగా అదే చదివి వినిపించాలి. కుదరని వాటికి ఎందుకు కుదరలేదో డాక్టర్ నోటితోనే చెప్పించండి. జవాబు రాకపోతే రెండో నెలకే జనం తగ్గిపోతారు.

కొంత కుదురుకున్నాక లెక్కలు అడగొచ్చు. రక్తం ఎక్కించే ముందు హిమోగ్లోబిన్ 9 గ్రాముల కంటే దిగకుండా చూడాలని డాక్టర్లే చెబుతారు. కాబట్టి "ఈ నెల 9 కంటే తక్కువతో ఎంతమంది పిల్లలు వచ్చారు?" అని అడగండి. పేర్లు అక్కర్లేదు, సంఖ్య చాలు. ఎక్కువగా ఉంటే అసలు కారణం రక్తం లేకపోవడమా, తేదీలు జరపడమా, ఛార్జీలు లేక ఇంటివాళ్లు ఆగిపోవడమా అని వెతకొచ్చు. పదేపదే రక్తం ఎక్కడం వల్ల ఒంట్లో పేరుకునే ఐరన్ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష మూడు నెలలకోసారి జరుగుతోందా, ఐరన్ తగ్గించే మాత్రలు నెల పొడుగునా దొరుకుతున్నాయా అన్నవి కూడా ఇలాగే అడగాలి.

ఒక్క విషయంలో మాత్రం చాలా గట్టిగా ఉండండి. పదేపదే రక్తం ఎక్కే పిల్లల్లో కొందరికి హెపటైటిస్ లాంటివి సోకుతుంటాయి. ఆ రిపోర్టులు కమిటీలోకి, వాట్సాప్ గ్రూపులోకి రాకూడదు. పిల్లల ఫొటోలూ వద్దు. ఒక్కసారి బయటికి పొక్కితే బడిలో ఆ బిడ్డ పక్కన ఎవరినీ కూర్చోనివ్వరు. చేరేటప్పుడే ప్రతి ఒక్కరి చేత ఈ మాట ఇప్పించుకోండి.

కొత్తగా వచ్చిన కుటుంబానికి కమిటీలో ఒకరు తోడుండాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం తలసీమియాను కూడా వైకల్యంగా గుర్తించింది. సర్టిఫికెట్‌కు ఎక్కడ దరఖాస్తు చేయాలో, ఏ కాగితాలు కావాలో ముందు నడిచినవాళ్లే బాగా చెప్పగలరు.

ఏడాదికోసారి సగం మందిని మార్చండి. పదిహేనేళ్లు దాటిన పిల్లల్లో ఇద్దరిని సభ్యులుగా తీసుకోండి. వాళ్లు అడిగేవి మనకు తట్టవు. పరీక్షల రోజుల్లో ఆదివారం రక్తం ఎక్కిస్తారా అని మా వార్డు పిల్లలు అడిగారు. పద్దెనిమిది నిండాక పెద్దల వార్డులో తమను చూసే డాక్టర్ ఎవరో ఇప్పుడే పరిచయం చేయమన్నారు. వచ్చే మీటింగ్‌కు ఆ డాక్టర్‌ను పిలిచాం.