చిన్న అమెరికన్ ఊళ్లో గేగా ఉండాలంటే: ముందు కాగితాలు, తర్వాత కబుర్లు

మిస్సోరీలోనో అలబామాలోనో ఏ ఎనిమిదివేల జనాభా ఊళ్లోనో ఉద్యోగమో సీటో వచ్చిన మన తెలుగు గే కుర్రాళ్లు ముందుగా అడిగేది "అక్కడ దాచుకుని ఉండొచ్చా?" అని. కుదరదు. మీ కారు ఎవరి వాకిట్లో రెండు రాత్రులు ఆగిందో మూడో రోజుకి గ్యాస్ స్టేషన్‌లో తెలిసిపోతుంది. మీ చేతిలో ఉండేది వరస మాత్రమే: ఎవరికి ముందు తెలియాలి, ఎవరికి తర్వాత తెలియాలి, ఈలోపు ఏ కాగితాలు సిద్ధమవ్వాలి.

ఈ ఊళ్లలో మొహమ్మీద తిట్టేవాళ్లు తక్కువ. నవ్వుతూ పలకరిస్తారు, పండక్కి కుకీలు తెచ్చిస్తారు, ఏడాది తిరిగేసరికి లీజు రెన్యూ చేయరు. మర్యాదను చూసి మోసపోకండి. లీజు మీద ఇద్దరి పేర్లూ రాయడానికి ఒప్పుకున్నారా లేదా అన్నది చూడండి.

మందులు, బీమా ఉత్తరాలు

గుట్టు ఎక్కువగా బయటపడేది ఇక్కడే. హెచ్ఐవీ రాకుండా ముందే వేసుకునే ప్రెప్ మాత్రకు 2012లోనే ఆమోదం వచ్చింది. అయినా ఊళ్లో ఉన్న ఒక్క ఫ్యామిలీ డాక్టరు దాన్ని ఎప్పుడూ రాసి ఉండకపోవచ్చు. రాసినా, మందుల కౌంటర్లో ఉన్నావిడ మీ ఇంటి ఓనరు వెళ్లే చర్చికే వెళ్తుంది. చట్టప్రకారం ఆవిడ నోరు విప్పకూడదు. ఆ చట్టం మీద బరువంతా మోపకండి.

ఫోన్‌లో చూసే డాక్టరును పట్టుకోండి. ఆ డాక్టరుకు మీరుండే రాష్ట్రంలో లైసెన్సు ఉండాలి, లేకపోతే ప్రిస్క్రిప్షన్ రాయలేరు. రక్తపరీక్షలు పక్క కౌంటీ (మన జిల్లా లాంటిది) ల్యాబ్‌లో ఇవ్వండి: హెచ్ఐవీ, కిడ్నీల కోసం క్రియాటినిన్, హెపటైటిస్ బి. హెపటైటిస్ పరీక్షను ఎగ్గొట్టకండి. ఆ వైరస్ ఉన్నవాళ్లు ఈ మాత్ర మొదలుపెట్టి హఠాత్తుగా మానేస్తే లివర్ జబ్బు తిరగబెట్టొచ్చు. రోజూ మాత్ర వేసుకునేవాళ్లకు హెచ్ఐవీ పరీక్ష మూడు నెలలకోసారి. మందు పోస్టులో తెప్పించుకోవచ్చు.

26 ఏళ్లలోపు ఉండి అమ్మానాన్నల బీమాలో ఉన్నవాళ్లకు ఇంకో గండం. డాక్టరు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ ఏ సేవకు ఎంత కట్టామో చెప్పే ఉత్తరం బీమా కంపెనీ నుంచి పాలసీ ఎవరి పేరున ఉందో వాళ్లకు వెళ్తుంది. మొదటి అపాయింట్‌మెంట్‌కు ముందే బీమా కంపెనీకి ఫోన్ చేసి "కాన్ఫిడెన్షియల్ కమ్యూనికేషన్స్ రిక్వెస్ట్" ఫారం అడగండి. ఈ సమాచారం బయటపడితే నాకు ప్రమాదం అని అందులో స్పష్టంగా రాసి, ఉత్తరాలు ఏ అడ్రసుకు పంపాలో ఇవ్వండి. వైద్య సమాచారాన్ని గుట్టుగా ఉంచే హిపా చట్టం నిబంధనల కింద వాళ్లు ఒప్పుకోవాల్సిందే. ఒప్పుకున్నట్టు జవాబు వచ్చాకే డాక్టరు దగ్గరికి వెళ్లండి. అప్పటికే పోస్టులో పడ్డ ఉత్తరాన్ని ఎవరూ వెనక్కి తేలేరు.

వైరస్ సోకి ఉండొచ్చని అనుమానం వస్తే పెప్ మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. చిన్న ఊళ్లో ఆదివారం మందుల షాపు మూసి ఉంటుంది, చిన్న ఆసుపత్రిలో పూర్తి కోర్సు దొరక్కపోవచ్చు. ఏ ఎమర్జెన్సీ రూమ్‌లో ఈ మందు ఉంటుందో ఊళ్లో దిగిన వారంలోనే ఫోన్ చేసి కనుక్కోండి. అర్ధరాత్రి కంగారులో వెతికే పని కాదిది.

ఉద్యోగం

గే అని ఉద్యోగంలోంచి తీసేయడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరుగా వివక్షే అని సుప్రీంకోర్టు 2020 జూన్ 15న బాస్టాక్ కేసులో తేల్చింది. వర్క్ వీసా మీద ఉన్నవాళ్లకూ ఇది వర్తిస్తుంది. కానీ ఆ చట్టం 15 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలకే. తొమ్మిదిమంది పనిచేసే మోటెల్‌కో క్లినిక్‌కో అది పట్టదు, అప్పుడు రాష్ట్ర చట్టమే దిక్కు. ఉద్యోగ వివక్ష ఫిర్యాదులు చూసే ఫెడరల్ సంస్థ ఈఈఓసీకి ఫిర్యాదు గడువు 180 రోజులు, రాష్ట్రంలోనూ అలాంటి చట్టాన్ని అమలుచేసే సంస్థ ఉంటే 300.

అసలు కారణం ఎవరూ కాగితం మీద పెట్టరు. "టీమ్‌లో ఇమడలేదు" అని రాస్తారు. అందుకే మీ పనితీరు మంచిదని రాసిచ్చిన రివ్యూల కాపీలు ముందు నుంచీ ఇంట్లో ఉంచుకోండి. ఎవరు ఏ తేదీన ఏమన్నారో ఆ రోజే రాసుకోండి. హెచ్-1బీ వర్క్ వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి మహా అయితే 60 రోజులే, కాబట్టి వాళ్లు ఆఫీసులో చెప్పే ముందు ఇంకో ఆఫర్ చేతిలో ఉంచుకోవడం మేలు. భాగస్వామి పేరు బీమాలో చేర్చే ఫారం ఎవరి టేబుల్ మీదకు వెళ్తుందో కూడా ఆరా తీయండి. చిన్న కంపెనీల్లో ఆ టేబుల్ తరచూ ఓనరు భార్యదే.

పెళ్లి లైసెన్సు

2015 జూన్ 26 నుంచి దేశమంతా స్వలింగ పెళ్లి చెల్లుతుంది. 2022 డిసెంబరులో కాంగ్రెస్ కూడా దానికి గుర్తింపునిస్తూ చట్టం చేసింది. అమెరికా పౌరులు కాకపోయినా కౌంటీ ఆఫీసులో లైసెన్సు తీసుకోవచ్చు. వీసా విషయంలోనూ ఆ పెళ్లికి గుర్తింపు ఉంది, హెచ్-1బీ మీద ఉన్నవాళ్ల భర్తకు హెచ్-4 డిపెండెంట్ వీసా వస్తుంది. చిక్కల్లా ఏంటంటే, లైసెన్సులు చాలాచోట్ల ఎవరైనా చూడగలిగే పబ్లిక్ రికార్డు. చాలా ఊళ్ల వారపత్రికలు వాటి జాబితాను అచ్చేస్తాయి. చాలా రాష్ట్రాల్లో ఏ కౌంటీలో తీసుకున్నా రాష్ట్రమంతా చెల్లుతుంది కాబట్టి పెద్ద సిటీ ఉన్న కౌంటీకి వెళ్లండి. కొన్నిచోట్ల సొంత కౌంటీలోనే తీసుకోవాలి, ముందు ఫోన్ చేసి అడగండి.

పెళ్లి కాకపోతే వైద్య నిర్ణయాల పవర్ ఆఫ్ అటార్నీ ఇద్దరూ రాయించుకోవాలి. అది లేకపోతే స్పృహలేని మీ తరఫున నిర్ణయం సాధారణంగా రక్తసంబంధీకులది, వాళ్లు ఇండియాలో నిద్రపోతూ ఉంటారు. సాక్షులు ఎంతమంది, నోటరీ కావాలా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. పిల్లలుంటే ఇద్దరి పేర్లున్న బర్త్ సర్టిఫికెట్‌తో ఆగిపోకండి, కోర్టు దత్తత ఉత్తర్వు తీసుకోండి. ఒక రాష్ట్రం కోర్టు ఇచ్చిన దత్తతను ఇంకో రాష్ట్రం కాదనలేదని 2016లో అలబామా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

"ఏ చర్చికి వెళ్తావు?"

పరిచయమైన ఐదో నిమిషంలో ఈ ప్రశ్న వస్తుంది. హిందువునని చెబితే అక్కడితో చాలావరకు ఆగుతుంది, మనవాళ్లకున్న ఒక్క సౌకర్యం ఇదే. చర్చికి వెళ్లేవాళ్లయితే ఒక మాట తేడా తెలుసుకోవాలి: "వెల్‌కమింగ్" అంటే లోపలికి రానిస్తారు, "అఫర్మింగ్" అంటే పెళ్లి కూడా చేస్తారు. పాస్టర్‌ని నేరుగా అడగండి, "ఇద్దరు మగవాళ్ల పెళ్లి ఇక్కడ చేస్తారా? గే అయినవాడు సండే స్కూల్‌లో పాఠం చెప్పొచ్చా?" అని. నీళ్లు నమిలితే అది లేదనే జవాబు. బోర్డు మీద యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ అనో ఎపిస్కోపల్ అనో ఉంటే ఆశ ఉంది. సదరన్ బాప్టిస్ట్ అని ఉంటే అడగడం కూడా దండగ.

డేటింగ్ యాప్‌లో దూరం చూపించే సెట్టింగ్ ఆపేయండి. మూడు వీధుల ఊళ్లో "900 అడుగులు" అంటే ఇంటి నంబరు చెప్పినట్టే. ముందు వీడియో కాల్, తర్వాత పక్క ఊళ్లో కాఫీ.

చివరిది, సిటీలో ఉండే మనవాళ్లు. ఊరివాళ్ల కబురు కౌంటీ దాటదు. తెలుగు వాట్సాప్ గ్రూపులో పడ్డ ఫొటో తెల్లారేలోపు ఇండియాలో మేనత్త ఫోన్‌కు చేరుతుంది. రూమ్మేట్‌కు చెప్పేటప్పుడు ఇంకెవరికి చెప్పొద్దో పేర్లతో సహా చెప్పండి. "ఎవరికీ చెప్పకు" అంటే వాడి లెక్కలో వాడి బావమరిది రాడు.