ఓపెన్ టాప్ కారులో సముద్రం ఒడ్డున సాయంత్రం డ్రైవ్: హవాయి పోయేవాళ్లు పైలం

మౌయి దీవిలో సముద్రం పక్క రోడ్డు మీద పోతున్న ఓపెన్ టాప్ కారులో, వెనక సీటు వీపు మీదికెక్కి కూర్చున్న మన నల్గొండ వైపు పిల్లగాడొకడు, ముందు బండి ఉన్నట్టుండి ఆగడంతో పడ్డ బ్రేకుకు ముందు అద్దం మీదుగా పోయి రోడ్డు మీద పడ్డాడు. వెన్నెముకకు ఆపరేషన్ అయింది. ఇక్కడ అమ్మానాన్నలు అర్జెంటు వీసా కోసం తిరుగుతున్నారు. పేరు, ఊరు చెప్పను, వాళ్ల బాధ వాళ్లకు చాలు. జరిగిందేమిటో మాత్రం చెప్పాలి. థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ సెలవులు దగ్గరికొచ్చాయి. డాలస్‌లోనో చికాగోలోనో ఉన్న మన పిల్లలు ఈపాటికి టికెట్లు తీసుకునే ఉంటారు, ఇక్కడి నుంచి పోయిన అమ్మానాన్నలనూ వెంటపెట్టుకొని హవాయి పోతారు, దిగగానే మస్టాంగో వ్రాంగ్లరో టాప్ తీసే బండి అద్దెకు తీసుకుంటారు, పొద్దుగూకే వేళకు సముద్రం పక్కన డ్రైవ్‌కు బయల్దేరతారు.

పోవద్దని నేననను. ఆ రోడ్డు, ఆ గాలి, ఆ ఆకాశం చూడాల్సినవే. అక్కడ కొన్నేళ్లు ఉండి వచ్చాను, ఇప్పుడు నల్గొండలో ఉండి మనవాళ్ల టూర్లు ప్లాన్ చేసి పెడుతుంటాను, అందుకే పోయే ప్రతి కుటుంబానికీ ఈ మాటలు చెబుతాను. తాగి నడపొద్దు, నిద్రమత్తులో నడపొద్దు లాంటివి మళ్లీ రాయను, అవి అందరికీ తెలుసు. తెలిసినా చేసే తప్పు ఒకటుంది.

బండి కదులుతుండగా బెల్టు తీసి సీట్లోంచి పైకి లేవడం. అదీ ఆ తప్పు. నిలబడినా, సీటు వీపు మీద కూర్చున్నా, మడిచిన టాప్ మీదికెక్కినా, చేతులు చాచడానికి ఒక్క నిమిషం మోకాళ్ల మీద లేచినా అంతా ఒకటే.

ఈ అలవాటు అక్కడ పుట్టింది కాదు, మనం ఇక్కణ్నుంచి మోసుకుపోయిందే. విజయవాడ హైవే మీద చిట్యాల, నార్కట్‌పల్లి దాటేటప్పుడు ఒక్కసారి గమనించండి, సన్‌రూఫ్‌లోంచి నడుము దాకా బయటికి లేచి చేతులూపే పిల్లలు ఎంతమంది కనిపిస్తారో. సాగర్ గేట్లు ఎత్తారంటే చాలు, ఆ రోడ్ల మీద ప్రతి కొత్త కారు పైనా ఒక తల ఉంటుంది. పెండ్లి బరాత్‌లో ఓపెన్ జీపు మీద నిలబడని వాళ్లెవరు? అమ్మానాన్నలే లేపి నిలబెడతారు, వీడియో తీస్తారు, స్టేటస్ పెడతారు. పదేళ్ల వయసులో సన్‌రూఫ్‌లో నిలబడ్డ పిల్లగాడు పాతికేళ్లకు కన్వర్టిబుల్, అంటే టాప్ తీసే కారు, ఎక్కితే కూర్చొని ఉంటాడా?

ఏం జరుగుతుందో చెబుతాను. అక్కడి సముద్రం పక్క రోడ్ల మీద చాలా చోట్ల లిమిట్ 45 మైళ్లు, అంటే మన లెక్కలో గంటకు 72 కిలోమీటర్లు, సెకనుకు 20 మీటర్లు. బ్రేకు బండిని ఆపుతుంది, బెల్టు లేని మనిషిని ఆపదు, ఆ మనిషి అదే వేగంతో ముందుకు పోతాడు. మామూలు కారులో అయితే ముందు సీటుకో పైకప్పుకో తగులుకొని, దెబ్బలతోనైనా చాలాసార్లు బండిలోనే ఉంటాడు. టాప్ తీసిన బండిలో సీటు వీపు మీద కూర్చున్నవాడి తల, ఛాతీ ముందు అద్దం అంచుకంటే పైనే ఉంటాయి, వాణ్ని ఆపేది ఏదీ లేదు. బండి పల్టీ కొడితే ఇంకా ఘోరం. ముందు అద్దం ఫ్రేమూ, కొన్ని బండ్లలో వెనక ఉండే రోల్ బారూ (పల్టీ కొట్టినప్పుడు బరువు మోసే గట్టి కడ్డీ) కలిసి తలకు కొంచెం చోటు మిగులుస్తాయి. ఆ చోటు బెల్టు పెట్టుకొని, వీపు సీటుకు ఆనించి కూర్చున్న మనిషి ఎత్తును లెక్కేసి పెట్టింది. గుడ్డ టాప్ వేసి ఉన్నా తీసి ఉన్నా ఆ విషయంలో తేడా లేదు, గుడ్డ దేన్నీ ఆపదు.

"మెల్లగా, ఇరవైలోనే పోతున్నాం కదా అన్నా" అంటారు. అందరూ అనేది ఇదే మాట. ఇరవై మైళ్లంటే 32 కిలోమీటర్లు. ఆ వేగంలో తల నేరుగా తారు రోడ్డుకు తగిలితే మనిషి బతకడం గ్యారంటీ లేదు. పైగా మీరు మెల్లగా పోతే సరిపోదు, ముందు బండి ఎట్లా ఆగుతుందో మీ చేతుల్లో లేదు. మౌయిలో మాలాయియా నుంచి లహైనా వైపు పోయే హోనోఆపియిలానీ హైవే ఉంది, సాయంత్రం డ్రైవ్‌కు అందరూ పోయేది ఆ రోడ్డుకే. డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా అక్కడ సముద్రంలో తిమింగలాలు తిరుగుతాయి. ఒకటి నీళ్లలోంచి ఎగిరిందా, ముందు కారువాడు ఇండికేటర్ లేదు ఏం లేదు, ఉన్నచోటే బ్రేకు తొక్కుతాడు. ఓహూ దీవిలో నార్త్ షోర్ వైపు లానియాకియా బీచ్ దగ్గరైతే తాబేళ్లను చూడ్డానికి జనం రోడ్డుకు అడ్డంగా ఉరుకుతుంటారు. అందమైన రోడ్డు మీద ఎవరి చూపూ రోడ్డు మీద ఉండదు. అలాంటి చోట సీట్లోంచి లేవొద్దు.

ఇక్కడ డ్రైవర్ మాటే చెల్లాలి. బావ అయినా, మేనమామ అయినా, పెండ్లయి వారం కాని కొత్త అల్లుడైనా సరే, అందరి బెల్టూ టక్‌మని పడ్డాకే బండి కదలాలి. మధ్యలో ఎవరైనా లేస్తే అరవొద్దు, వెనక్కి తిరగొద్దు, మెల్లగా పక్కకు తీసి ఆపండి, కూర్చునేదాకా కదలకండి. రెండుసార్లు ఆపితే మూడోసారి ఎవరూ లేవరు. హవాయిలో వెనక సీటు వాళ్లకూ బెల్టు చట్టమే, జరిమానా వంద డాలర్లు దాటుతుంది. అక్కడ కొన్ని పికప్ ట్రక్కుల వెనక మనుషులు కూర్చొని పోవడం కనిపిస్తుంది. దాని రూల్స్ వేరే, అది చూసి మనం చేయొద్దు.

ఫొటో కావాలా? ఆపి తీసుకోండి. ఆ హైవే మీదే పాపవాయి పాయింట్ అని వ్యూ పాయింట్ ఉంది, బండ్లు ఆపుకోవడానికి చోటుంది. ఇంజిన్ ఆపి, పార్కింగ్‌లో పెట్టి, అప్పుడు సీటు వీపు మీద కూర్చోండి, చేతులు చాచండి, చున్నీ ఎగరేయండి, ఎంతసేపు కావాలంటే అంతసేపు. ఫొటోలో బండి కదులుతోందా ఆగి ఉందా ఎవరికీ తెలియదు.

చున్నీ అన్నాను కాబట్టి ఆడపిల్లలకు ఒక మాట. 1927లో ఇసడోరా డంకన్ అనే పేరున్న డాన్సర్ ఫ్రాన్స్‌లోని నీస్‌లో ఓపెన్ కారు ఎక్కి పోతుంటే మెడలోని పొడుగాటి స్కార్ఫ్ చక్రంలో చుట్టుకొని అక్కడికక్కడే చనిపోయింది. ఇప్పటి కార్ల చక్రాలు లోపలికి ఉంటాయి, నిజమే, కానీ మన దగ్గర బైకుల మీద చున్నీ ఏం చేస్తుందో మీకు నేను చెప్పాలా? గాలికి ఎగిరిన చున్నీ డ్రైవర్ మొహాన పడితే చాలు. బండి కదిలేముందు చున్నీ, చీర కొంగు తీసి ఒళ్లో పెట్టి మీద బెల్టు వేయండి. జుట్టు ముడి వేసుకోండి. టోపీలు కాళ్ల దగ్గర పెట్టండి. ఎగిరిపోయిన టోపీ కోసం రోడ్డు మధ్యకు పరుగెత్తొద్దు.

పొద్దు సంగతి. హొనొలులులో డిసెంబర్ మొదట్లో సాయంత్రం 5:50కే సూర్యుడు మునుగుతాడు, జూన్ చివర్లో 7:15 దాటాక. సియాటెల్, చికాగో పిల్లలు ఇక్కడే మోసపోతారు, వాళ్లకు సూర్యుడు మునిగాక కూడా చాలాసేపు వెలుతురు ఉండటం అలవాటు. హవాయి మనలాగే భూమధ్యరేఖకు దగ్గర, మన పాలమూరులో ఎట్లా టక్కున చీకటి పడుతుందో అక్కడా అట్లే, అరగంట కూడా పట్టదు. కాబట్టి మునిగేదాకా చూసి, తెలియని రోడ్డు మీద చీకట్లో ఆగమాగం వెనక్కి రావొద్దు. రాత్రి ఉండే చోటికి దగ్గర్లోనే సాయంత్రం డ్రైవ్ పెట్టుకోండి.

మునగడానికి ముందు గంట ఇంకా ప్రమాదం. మాలాయియా నుంచి లహైనా వైపు పోయేటప్పుడు ఆ వేళకు ఎండ సరిగ్గా కళ్లల్లో కొడుతుంది. అద్దం మీద ఉప్పు పొర ఒకటి ఉంటుంది, సముద్రపు తుంపర ఎండి పేరుకుంటుంది, పగలంతా కనపడదు, వేలితో గీస్తే గీత పడుతుంది. వాలిన ఎండ దాని మీద పడగానే అద్దం మొత్తం పాలలా తెల్లబడుతుంది, ఎదురు బండి కనపడదు. నీళ్ల బాటిల్, మెత్తటి గుడ్డ దగ్గరుంచుకొని నాలుగున్నరకే ఆపి అద్దం లోపలా బయటా తుడవండి. పొడి గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి.

ఇంకొకటి, మన దగ్గర ఎడమ పక్కన నడిపి వెళ్లినవాళ్లకు. బయల్దేరేటప్పుడు అందరూ కుడి పక్కనే జాగ్రత్తగా పోతారు. ఫొటోకు ఆగి, పావుగంట అందరూ నవ్వుకొని, ఖాళీ రోడ్డు మీదికి మళ్లీ ఎక్కేటప్పుడు చేతులు పాత అలవాటుకు ఎడమ పక్కకే తిప్పుతాయి. ఎదురు బండి లేకపోతే చాలా దూరం పోయేదాకా తెలియదు కూడా. ప్రతి స్టాప్ తర్వాత పక్కసీటు వాళ్లు "కుడి పక్క" అని గట్టిగా చెప్పాలి. మారిషస్, ఫుకెట్ పోయేవాళ్లకు ఈ గొడవ లేదు, అక్కడ మనలాగే ఎడమ పక్క.

చిన్న పిల్లలు, ముసలివాళ్లు ఉంటే కన్వర్టిబుల్ తీసుకోవద్దు. వెనక సీటు ఇరుకు, గాలి అంతా వెనకే కొడుతుంది, అత్తమ్మకు చెవులు నొప్పి, మామయ్యకు కళ్లల్లో నీళ్లు. పదేళ్ల లోపు పిల్లలకు వయసును బట్టి కార్ సీటు గానీ బూస్టర్ (పిల్లలను ఎత్తులో కూర్చోబెట్టే సీటు) గానీ అక్కడ చట్ట ప్రకారం ఉండాలి, ఒళ్లో కూర్చోబెట్టుకోవడం అసలే వద్దు. ఇంటిల్లిపాదికీ మామూలు బండి తీసుకోండి, ఓపెన్ టాప్ సరదా ఉంటే జంట మాత్రం ఒక్కరోజు తీసుకోండి.

ఇంక మిగిలినవి వరసగా చెప్పేస్తాను, ఇంటి నుంచి బయల్దేరేముందు చదువుకోండి.

మౌయిలోని హానా రోడ్డుకు సాయంత్రం పోవద్దు. 80 కిలోమీటర్లు, ఆరువందలకు పైగా మలుపులు, చాలా వంతెనలు ఒక్క బండి పట్టేవే. చీకటి పడేలోపు బయటపడాలి.

మౌయిలోనే కపలువా దాటాక వచ్చే కహెకిలీ హైవే వద్దు. అద్దె ఒప్పందం చదవండి, కొన్నింటిలో ఆ రోడ్డు నిషేధం ఉండొచ్చు, అట్లా ఉంటే అక్కడ ఏమైనా అయితే ఖర్చంతా మీ నెత్తి మీదే పడొచ్చు.

ఒప్పందంలో పేరు లేనివాడు స్టీరింగ్ పట్టొద్దు. తమ్ముడే కదా అని ఇవ్వొద్దు.

టాప్ బటన్ బండి ఆగి ఉన్నప్పుడే నొక్కాలి. వాన మొదలైందని పరుగులో నొక్కొద్దు, పక్కకు ఆపండి.

బండిలో పాస్‌పోర్టు, బ్యాగు, లాప్‌టాప్ ఏదీ వదిలిపోవద్దు. బీచ్ పార్కింగుల్లో అద్దాలు పగలగొట్టి తీసుకుపోతారు, గుడ్డ టాప్‌కైతే చాకు చాలు.

లహైనాలో 2023 ఆగస్టులో ఊరు కాలి ఎంతోమంది చనిపోయారు. అక్కడ ఫొటోల కోసం ఆగొద్దు.

రోడ్డు దిగి నల్లరాళ్ల మీదికి పోయినప్పుడు తడిసిన రాయి మీద నిలబడొద్దు, రాయి తడిగా ఉందంటే అల అక్కడిదాకా వస్తోందని. నకలెలె, హలోనా బ్లోహోల్స్ (రాళ్ల బొక్కల్లోంచి అలల నీళ్లు పైకి చిమ్మే చోట్లు) దగ్గర మనుషులు పోయారు. సముద్రానికి వీపు పెట్టి సెల్ఫీ వద్దు.

మసక వెలుతురులో మౌయిలో జింకలు రోడ్డు మీదికొస్తాయి. లైట్లు ముందే వేయండి.

డ్రైవర్ ఫోన్ ముట్టుకోవద్దు. రీల్ తీయొద్దు. రీల్‌లో ఉండనూ వద్దు.

వెనక కార్ల వరస కనపడితే పక్కకు తీసి దారివ్వండి, అక్కడివాళ్లు డ్యూటీ దిగి ఇంటికి పోతుంటారు.

మళ్లీ చెబుతున్నాను, సీట్లోంచి లేవొద్దు. మెల్లగా పోతున్నా లేవొద్దు. రోడ్డు ఖాళీగా ఉన్నా లేవొద్దు. పక్క కారులో నిలబడ్డవాళ్లు మిమ్మల్ని కూడా లేవమని చేతులూపినా లేవొద్దు.

ఎవరైనా పడితే లేపి కూర్చోబెట్టొద్దు. నీళ్లు తాగించొద్దు. ఎత్తి కారులో వేసుకొని హాస్పిటల్‌కు పోదామని చూడొద్దు. మెడ, వెన్నెముక దెబ్బ తింటే ఆ ఎత్తడంలోనే కాళ్లు చేతులు పడిపోవచ్చు. వచ్చే బండ్లు మీదికి ఎక్కకుండా మీ కారు హజార్డ్ లైట్లు వేయండి, ఒకరు వెనక్కి నడిచి బండ్లను ఆపండి, ఒకరు తల కదలకుండా రెండు చేతులతో పట్టుకొని ఉండండి, ఒకరు 911కు ఫోన్ చేయండి. ఎక్కడున్నారని అడుగుతారు, ఊరి పేరు తెలియకపోతే హైవే నంబరు, రోడ్డు పక్కన చిన్న ఆకుపచ్చ బోర్డు మీద ఉండే మైలు నంబరు చెప్పండి. కొన్ని మలుపుల్లో సిగ్నల్ ఉండదు, అప్పుడు పోయే బండిని ఆపి, ముందుకు పోయి ఫోన్ చేయమని ఆ నంబరు వాళ్లకివ్వండి.