ఫ్లూ మహమ్మారి రాకముందే బడిలో చేసిపెట్టుకోవాల్సిన పనులు

పదకొండు గంటలకి ఆరో తరగతి పిల్లాడికి ఒళ్ళు కాలిపోతోంది, ఆగకుండా దగ్గుతున్నాడు. నాన్న ఆటోనగర్‌లో డ్యూటీ, అమ్మ ఫోన్ స్విచ్చాఫ్. వాణ్ణి ఎక్కడ కూర్చోబెడతారు, ఇంటికి ఎవరు తీసుకెళ్తారు? ఈ ఒక్కదానికి మీ బడిలో జవాబు ఉంటే సగం పని అయిపోయినట్టే. నేను చూసిన ఒక బడిలో లేదు. సాయంత్రం దాకా స్టాఫ్‌రూమ్ బల్ల మీద పడుకోబెట్టి, చివరికి మిగతా పిల్లలందరితో పాటే ఆటో ఎక్కించారు. తర్వాతి వారం ఆ ఆటోలో సగం మంది బడికి రాలేదు.

ఫ్లూ సోకాక లక్షణాలు బయటపడటానికి ఒకటి నుంచి నాలుగు రోజులు పడుతుంది, పైగా జ్వరం తెలిసే ముందురోజు నుంచే అంటించడం మొదలవుతుంది, చిన్నపిల్లలైతే వారం దాటినా అంటించగలరు. 2009లో స్వైన్ ఫ్లూని ప్రపంచ ఆరోగ్య సంస్థ మహమ్మారిగా ప్రకటించింది జూన్ 11న, అంటే మన దగ్గర బడులు తెరిచే రోజుల్లోనే. కొత్త వైరస్‌కి టీకా రావడానికి నెలలు పట్టింది. అన్నాళ్ళూ బడికి దిక్కు ఈ చిన్న ఏర్పాట్లే.

ముందు ఫోన్ నంబర్లు. ప్రతి పిల్లకీ అమ్మానాన్న కాక మూడో మనిషి కావాలి, అమ్మమ్మో పిన్నో పక్కింటి ఆంటీయో, పగటిపూట ఇంట్లో ఉండే వాళ్ళు. నంబరు రాసుకుని ఊరుకోకండి, ఒకసారి డయల్ చేసి చూడండి, జూన్‌లో ఇచ్చిన నంబర్లు దసరాకే మారిపోతుంటాయి. ఆ కాగితాన్ని హాజరు పట్టీ అట్ట లోపల అతికించేయండి.

హాజరు పట్టీయే మీకు అందరికంటే ముందు హెచ్చరిక ఇస్తుంది. రాని పిల్లల ఇంటికి ఫోన్ చేసి, జ్వరమూ దగ్గూ అంటే ఆ గడిలో ఎర్ర సిరాతో ‘జ్వ’ అని రాయండి. నలభై మంది క్లాసులో మామూలుగా ఇద్దరో ముగ్గురో రారు, అదే వారంలో ఎనిమిది ‘జ్వ’లు కనిపించాయంటే ఇంకొక్కరోజు చూద్దాం అనుకోకుండా మీ వార్డు ఆరోగ్య కార్యకర్తకి (ఏఎన్ఎమ్‌కి) చెప్పండి. అలాగే నూరు శాతం హాజరుకి బహుమతులు ఆ రోజుల్లో ఆపేయండి. ఆ కప్పు కోసం పిల్లలు జ్వరం దాచుకుని వస్తారు, తల్లులు మాత్ర వేసి మరీ పంపిస్తారు. మాత్ర లేకుండా 24 గంటలు జ్వరం రాకుండా ఉంటేనే బడికి రావాలని అందరికీ గట్టిగా చెప్పండి, టీచర్లకి కూడా.

ఇక గది. పెద్దదేం అక్కర్లేదు, కిటికీ ఉన్న చిన్న గది, కుర్చీ, థర్మామీటరు, మాస్కులు, మంచినీళ్ళు, మూత ఉన్న చెత్తబుట్ట. 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే అక్కడ కూర్చోబెట్టి ఇంటికి కబురు చేయండి. ఎవరు పక్కన ఉంటారో పేరు ముందే రాసిపెట్టండి, లేకపోతే ఆ రోజు అందరికీ టెన్షనే. ఆస్పిరిన్ మాత్రం పిల్లలకి పొరపాటున కూడా ఇవ్వొద్దు, ఫ్లూలో అది మెదడునీ కాలేయాన్నీ దెబ్బతీసే ప్రమాదం ఉంది. ఎగఊపిరి, పెదాలు నీలంగా మారడం, లేపినా మత్తుగా ఉండటం, తగ్గిన జ్వరం మళ్ళీ ఎక్కువగా రావడం, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకండి, 108కి ఫోన్ చేయండి. విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి మీ బడి నుంచి ఎంత టైం పడుతుందో కూడా ముందే తెలుసుకోండి.

మధ్యాహ్న భోజనం ముందు కుళాయిల దగ్గర తోపులాట ఉంటుంది కదా, అక్కడే సబ్బు కావాలి. సబ్బుముక్కని నెట్ సంచిలో వేసి కుళాయికి కడితే జారిపోదు, పోదు. 20 సెకన్లు రుద్దాలి, క్లాసు క్లాసుగా వదిలితేనే అది జరుగుతుంది. మన విశాఖలో సముద్రపు గాలి ఉచితంగా వస్తుంది, ఏసీ క్లాసుల వాళ్ళు కూడా ఆ రోజుల్లో కిటికీలు తీసి ఉంచండి. బల్లలూ తలుపు గొళ్ళాలూ రోజూ సర్ఫు నీళ్ళతో తుడవండి. బ్లీచింగ్ వాడితే యాసిడ్‌తో కలపొద్దు, విషవాయువు వస్తుంది.

బడి మూయాలా వద్దా అన్నది పైవాళ్ళు చెబుతారు, కానీ మూశాక పిల్లల సంగతి మనదే. 2020లో చూశాం, ఇంట్లో ఒక్క ఫోనుంటే అది నాన్నతో పనికి వెళ్ళిపోయేది. అందుకే రెండు వారాలకి సరిపడా పాఠాలూ లెక్కలూ కాగితాల మీద అచ్చేసి బీరువాలో పెట్టండి. భోజనం బడిలోనే తినే పిల్లల పేర్లు విడిగా రాసుకోండి, సరుకులు ఇంటికి పంపాల్సి వస్తే మొదట వెళ్ళాల్సింది ఆ ఇళ్ళకే.